గట్టు కింది రాళ్లు

రెండు చేల మధ్య ఒక గట్టు ఉండేది. గట్టుకు ఎగువన మద్దిలేటి చేను, దిగువన సుంకమ్మ చేను. రెండూ వానను నమ్ముకున్న ఎర్రమట్టి చేలు. వాన పడితే వేరుశనగ, ఆలస్యంగా పడితే కంది, పడకపోతే ఏమీ లేదు.

గట్టు మోకాలెత్తు ఉండేది. దాని మీద నాలుగు తంగేడు పొదలు మొలిచాయి. వాటిని ఎవరూ నరికేవారు కాదు. నరికితే, గట్టు తమదేనని అన్నట్టు అవుతుంది. అప్పుడు అవతలివాళ్లు ఊరుకోరు.

నలభై ఆరేళ్ల కిందట, విత్తనాలు వేసే అదనులో, మద్దిలేటి తండ్రీ సుంకమ్మ మామా ఈ గట్టు దగ్గర ఎదురుపడ్డారు. ఇద్దరి చేతుల్లోనూ పారలున్నాయి. గట్టును అవతలివాడు తన వైపు జరుపుతున్నాడని ఇద్దరి అనుమానం. మాటా మాటా పెరిగింది. సుంకమ్మ మామ పార విసిరాడు. అది మద్దిలేటి తండ్రి తలకు తగిలింది. పొద్దు గూకక ముందే ఆయన చనిపోయాడు. విసిరిన మనిషి ఏడేళ్లు జైల్లో ఉండి వచ్చాడు.

కొట్టాడా లేదా అన్నదొక్కటే కోర్టు అడిగింది. చనిపోయినవాడు ఎవరి నేల మీద నిలబడి ఉన్నాడని అడగలేదు. ఊరు మాత్రం ఆ తర్వాత అదొక్కటే అడిగింది. తన నేల మీద ఉండి ఉంటే ఆయన సొంత చేను కాపాడుకుంటూ చనిపోయినవాడు. పక్కవాడి నేల మీద ఉండి ఉంటే దొంగతనానికి వచ్చి చచ్చినవాడు. అటు ఇటు కలిపి రెండు మూరల తేడా. ఆ రెండు మూరల మీద రెండు ఇళ్ల పరువు ఆగిపోయి ఉంది.

మద్దిలేటికి అప్పుడు తొమ్మిదేళ్లు. సుంకమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చింది తర్వాత ఎప్పటికో. అయినా ఇద్దరూ ఆ పగను పొలంతోపాటే తీసుకున్నారు. పక్కపక్కనే దున్నారు, పక్కపక్కనే కలుపు తీశారు, ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఒక ఎండాకాలం ఆ ఊరికి ఒకామె వచ్చింది. ఆమె పని పాత చేల హద్దులను వెతకడం. గుట్టల వాలు మీద పూర్వం మనుషులు ఎక్కడెక్కడ గట్లు వేశారో, ఎందుకు వేశారో, నేలను తవ్వి తెలుసుకుంటుంది. ఊళ్లో వాళ్లు ఆమె పేరు అడిగారు, తర్వాత మరిచిపోయారు. మట్టి చదివే మనిషి అన్నారు. ఆ మాటే నిలిచింది.

ఆమె చుట్టుపక్కల చేలన్నీ నడిచి చూసింది. చివరికి ఈ గట్టు దగ్గర ఆగింది. దీన్ని అడ్డంగా కోసి చూడాలని ఉందని చెప్పింది. గట్టు ఇద్దరిది కాబట్టి ఇద్దరి అనుమతీ కావాలి.

ముందు మద్దిలేటి దగ్గరికి వెళ్లింది. అతను ఎద్దులకు చొప్ప వేస్తున్నాడు.

"తవ్వితే మొదటి హద్దు యాడుండాదో తెలుస్తాదా మేడమ్?" అని అడిగాడు.

"ఉంటే తెలుస్తుంది. ఒకటి మాత్రం ముందే చెబుతున్నా. మట్టిలో ఏది కనిపిస్తే అదే చెబుతాను. మీకు నచ్చలేదని మార్చి చెప్పలేను."

"మార్చమని ఎవరడిగినారు? నిజం మా వైపే ఉండాది. తవ్వు."

తర్వాత సుంకమ్మ దగ్గరికి వెళ్లింది. ఆమె వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. చేట ఆపకుండానే అంతా విన్నది.

"ఆయన ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నారు."

"అయితే నేనెందుకు వద్దంటా? మా మామ జైలుకు పోయినాడు గానీ, పరాయి చేలో అడుగు పెట్టినోడు కాదు. అది బయటపడనీ తల్లీ."

పని మొదలైంది. ఊరి నుంచి నలుగురు కూలికి వచ్చారు. గట్టుకు అడ్డంగా దారం కట్టి, మనిషి దిగేంత వెడల్పున కందకం తీశారు. మద్దిలేటి తన వైపు ఒక రాయి మీద కూర్చున్నాడు. సుంకమ్మ తన వైపు గొంతుక్కూర్చుంది. మధ్యలో కందకం. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా, అందులోకి చూస్తూ పగలంతా గడిపేవారు.

మొదటి మూరలో ఎరువుల సంచుల ముక్కలు, ఒక చెప్పు అడుగు, విరిగిన గాజులు వచ్చాయి. ఆ కిందనుంచి మట్టి చదివే మనిషి కూలీలను ఆపి, తనే చిన్న తాపీతో గోకడం మొదలుపెట్టింది. కందకం గోడ మీద రంగులు కనిపించాయి. ఎర్ర చార, దాని పక్కన గోధుమ చార, మళ్లీ ఎర్ర చార. పార దెబ్బలు కత్తితో కోసినట్టు అచ్చులు పడి ఉన్నాయి.

మూడో రోజున ఆమె ఇద్దరినీ దగ్గరికి పిలిచి చూపించింది.

"ఇదిగో, ఇక్కడ గట్టును ఎగువనుంచి చెక్కారు. మట్టి దిగువకు పోశారు. ఆ తర్వాత దిగువనుంచి చెక్కారు, ఎగువకు పోశారు. ఇలా ఒకసారి కాదు. నాకు కనిపించినంతలో పదమూడు సార్లు."

"ఎవరెక్కువ చెక్కినారు?" అన్నాడు మద్దిలేటి.

"ఒకరు ఏడు సార్లు, ఒకరు ఆరు సార్లు. మొత్తం తిరిగి తిరిగి గట్టు బయలుదేరిన చోటికి జానెడు దూరంలో ఉంది."

కూలీల్లో ఒకామె నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా నాయన పోయిన ఏడు యాడుండాది గట్టు?"

"ఏ ఏడు అన్నది మట్టిలో రాసి ఉండదు. ఇది ముందు, ఇది తర్వాత అన్నంత వరకే తెలుస్తుంది."

మద్దిలేటి చాలాసేపు ఆ చారలను చూశాడు. వాటిలో ఏదో ఒకటి తన తండ్రి చివరిసారి పార వేసిన చోటు. అదేదో చూస్తే తెలుస్తుందన్నట్టు ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి చూశాడు. అన్నీ ఒకలాగే ఉన్నాయి.

"ఇంకా కిందికి పో. వీటన్నిటికంటే ముందు ఒకటుంటాది గదా. అదే అసలుది," అంది సుంకమ్మ.

"అవును, పో," అన్నాడు మద్దిలేటి. ఆమె మాటకు తాను అవునన్నానన్న సంగతి అతనికి కాస్త ఆలస్యంగా తెలిసింది. ముఖం తిప్పుకున్నాడు.

నడుములోతులో రాళ్లు తగిలాయి. మామూలు రాళ్లు కావు. ఒకదాని మీద ఒకటి పేర్చినవి, సున్నం లేదు, బురద లేదు, ఒకదాని బరువు ఇంకొకటి మోస్తోంది. ఊరంతా చూడటానికి వచ్చింది. హద్దురాళ్లు దొరికాయన్నారు. ఇంక తేలిపోయిందన్నారు. ఎవరి వైపు తేలిందో అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేదు.

మట్టి చదివే మనిషి మాత్రం రాళ్ల వరుస ఎటు పోతోందో చూడాలంది. పది అడుగుల అవతల ఇంకో గుంట తీయించింది. అక్కడ రాళ్లున్నాయి, కానీ గట్టు కింద లేవు. రెండు గజాలు ఎగువకు, మద్దిలేటి చేలోకి జరిగి ఉన్నాయి. ఇంకో గుంట తీశారు. ఇంకా లోపలికి పోయాయి. రెండో దిక్కున తీస్తే, రాళ్లు గట్టును దాటి సుంకమ్మ చేలోకి దిగాయి. అక్కడినుంచి మెల్లగా వంగి, ఆమె చేను కూడా దాటి అవతలివాళ్ల కొర్ర చేలోకి పోయాయి. మొత్తం పదకొండు గుంటలు తీశారు, రాళ్ల జాడ కోసం గట్టును కూడా ఆ కొసనుంచి ఈ కొసదాకా చెక్కేశారు. పదిహేను రోజులు పట్టింది.

చివరి రోజు సాయంత్రం ఆమె కందకం ఒడ్డున కూర్చుంది. ఇద్దరినీ కూర్చోమంది. ఇద్దరూ నిలబడే విన్నారు.

"ఇది హద్దు కాదు," అంది. "కట్ట. వాన పడ్డప్పుడు గుట్ట మీదనుంచి నీళ్లు దూకుతూ వస్తాయి గదా, వాటిని ఆపడానికి కట్టారు. అందుకే ఇది తిన్నగా పోలేదు, వాలు ఎలా ఉంటే అలా వంగింది. ఇదిగో, రాళ్లకు ఎగువన ఈ నల్లమట్టి చూడండి. మూరెడు మందం ఉంది. నీళ్లు నిలిచి, మెల్లగా ఇంకితేనే ఇలాంటి ఒండ్రు పడుతుంది. రాళ్ల మధ్య దొరికిన ఈ కుండ పెంకుల్లో వరి పొట్టు అచ్చులున్నాయి. ఇక్కడ వరి పండి ఉండాలి."

"ఈడ వరా?" అన్నాడు జనంలో ఒకాయన. కొందరు నవ్వారు.

"ఎంత కాలం కింద?" అని అడిగింది సుంకమ్మ.

"పెంకులను బట్టి చూస్తే వెయ్యేళ్లకు తక్కువ ఉండదు. రెండు జట్లు కట్టాయి. ఆ కొసనుంచి వచ్చినవాళ్లు రాళ్లను పడుకోబెట్టారు. ఈ కొసనుంచి వచ్చినవాళ్లు నిలబెట్టారు. ఇక్కడికి వచ్చి కలిశారు."

"అది సరే. హద్దు యాడుండాది?" అన్నాడు మద్దిలేటి.

"దీని కింద ఏమీ లేదు. గులకమట్టి, ఆ కింద బండ. ఈ కట్ట పాడుబడి, మట్టి కప్పేశాక, ఎప్పుడో చాలా కాలానికి పైన గట్టు వేశారు. ఆ వేసినవాళ్లకు కింద ఇది ఉందని కూడా తెలియదు. మీ తాతలకు ముందు ఇక్కడ రెండు చేలుగా విడదీసిన గుర్తు నాకు కనిపించలేదు."

"అంటే?"

"అంటే అసలు హద్దు అని మీరు అడిగేది ఇక్కడ లేదు."

మద్దిలేటి కందకంలోకి, ఆమె ముఖంలోకి, మళ్లీ కందకంలోకి చూశాడు.

"మా నాయన దేనికి చచ్చిపోయినట్టు?" అన్నాడు.

అది మట్టిలో దొరకదని ఆమె చెప్పింది.

"మా మామ ఏడేండ్లు దేనికి కూర్చున్నట్టు?" అంది సుంకమ్మ. ఆమె గొంతు కూడా అంతే మెల్లగా ఉంది.

మట్టి చదివే మనిషి తాపీకి అంటిన మట్టి తుడిచింది.

ఓడిపోతే ఆ ఇద్దరూ తట్టుకునేవాళ్లే. అవతలివాళ్ల వైపు తేలి ఉంటే ఏడ్చి, తిట్టి, ఇంకో నలభై ఏళ్లు మోసేవాళ్లు. దానికి వాళ్లు సిద్ధపడే వచ్చారు. ఇటూ కాక అటూ కాక పోవడానికి మాత్రం ఇద్దరూ సిద్ధంగా లేరు.

"మూసెయ్," అన్నాడు మద్దిలేటి.

"మూసెయ్యి తల్లీ," అంది సుంకమ్మ. "మేము చూడలేదనుకుంటాం."

మట్టి చదివే మనిషి బతిమాలలేదు. రాళ్ల బొమ్మ గీసుకోవడానికి మూడు రోజులు అడిగింది. రెండు రోజులిచ్చారు. గీసుకుంది. కట్టను బాగు చేసుకుంటే మళ్లీ నీళ్లు నిలుస్తాయని ఒక మాట చెప్పి చూసింది. ఎవరూ వినలేదు.

మూసే రోజు కూలీలు రాకముందే మద్దిలేటి పార భుజాన వేసుకుని వచ్చాడు. ఈ పని కూలివాళ్ల చేత చేయించడం అతనికి ఇష్టం లేదు. వచ్చేసరికి సుంకమ్మ అక్కడ ఉంది. ఆమె పారా, తట్టా తెచ్చుకుంది.

ఇద్దరూ రెండు వైపులనుంచీ మట్టి తోయడం మొదలుపెట్టారు. కొంతసేపటికి అలా కుదరదని తేలింది. ఎగువన మట్టి ఎక్కువుంది, దిగువన తక్కువుంది. ఒకరు తట్టలోకి ఎత్తితే ఒకరు మోసి పోయాలి. ఎవరూ ఏమీ అనుకోకుండానే అతను ఎత్తాడు, ఆమె పోసింది. కూలీలు వచ్చి, దూరంనుంచి ఇది చూసి, మిగతా గుంటలు మూయడానికి వెళ్లిపోయారు.

"తట్ట నిండా వెయ్యి, నేను మోస్తా," అంది సుంకమ్మ. నలభై ఆరేళ్లలో ఆ ఇంటినుంచి ఈ ఇంటికి వచ్చిన మొదటి మాట అది.

అతను తట్ట నిండా వేశాడు.

రాళ్లు మునిగిపోయాయి. నడుములోతు పోయి మోకాలి లోతు మిగిలింది. ఎండ ఎక్కింది. సుంకమ్మ తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. తెచ్చుకున్న నీళ్లు తాగి, చెంబు పక్కన పెట్టింది. పెట్టాక దానివైపే చూస్తూ ఉండిపోయింది.

"నీకో మాట చెప్పాల," అంది. "చెప్తే ఏమవుతాదో అని ఇన్నేండ్లు చెప్పలేదు."

మద్దిలేటి పార ఆపాడు.

"మా మామ జైలునుంచి వచ్చినాక పదకొండేండ్లు బతికినాడు. ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. మా ఆయన దగ్గర కూడా ఎత్తలేదు. జబ్బు పడినాక నేను గంజి తాగిస్తా ఉంటే నాకు చెప్పినాడు. పార తగిలినాక మీ నాయన కూలబడినాడంట. దప్పిక అన్నాడంట. మా మామ చెంబుతో నీళ్లు పట్టినాడంట. తలకాయ తొడ మీద పెట్టుకోని కూర్చున్నాడంట, జనం వచ్చేదాకా. రెండుసార్లు తాగినాడని చెప్పినాడు."

మద్దిలేటి నేల మీద కూర్చుండిపోయాడు. 

"మా యమ్మ చచ్చిపోయేదాకా ఒకటే మాట అనేది. నీ నాయన గొంతు తడిపే దిక్కు లేకుండా పోయినాడు అని. అన్నం ముందర కూర్చున్న ప్రతిసారీ అనేది. నేను నీళ్లు తాగే ముందర ఆ మాట గుర్తుకొస్తాది. ఇప్పటికీ వస్తాది."

సుంకమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఏ పక్క?" అని అడిగాడు మద్దిలేటి. "ఏ పక్క కూర్చున్నాడంట? మీ పక్కనా, మా పక్కనా?"

"ఆయన చెప్పలేదు. నేను అడగలేదు."

"అడగాలనిపించలేదా?"

"లేదు. ఆ మాట విన్నాక అది అడగాలని నాకు తోచలేదు."

అతను తల ఊపాడు. అది ఒప్పుకోవడమో, ఊరికే ఊపడమో ఆమెకు అర్థం కాలేదు.  అతని కళ్లు తడిగా లేవు. చేతులు మాత్రం పార కర్రను పట్టుకుని వదలడం లేదు.

"ముందే చెప్పింటే బాగుండు వదినా," అన్నాడు చివరికి.

"వినేవాడివా?"

అతను ఆలోచించాడు. "వినేవాణ్ని కాదు," అన్నాడు.

మిగిలిన మట్టి పోశారు. పొద్దు గుట్ట వెనక్కి జారేసరికి నేల చదునైంది. ఇంక గట్టు ఎత్తడం ఒక్కటే మిగిలింది. అయితే పాత గుర్తులేవీ లేవు. తంగేడు పొదలు తవ్వకంలోనే పోయాయి. కట్టిన దారాలను మట్టి చదివే మనిషి తీసుకుపోయింది. గట్టు ఎక్కడ ఉండేదో ఇద్దరికీ కళ్లు మూసుకున్నా తెలుసు. అయినా ఎవరూ పార వేయలేదు.

"నువ్వే వెయ్యి," అంది సుంకమ్మ.

"నువ్వే వెయ్యి," అన్నాడు మద్దిలేటి.

రేపు చూద్దామని పారలు భుజాన వేసుకుని, చెరో దారినా ఇళ్లకు పోయారు. రేపు వచ్చింది, పోయింది. వానలు పడ్డాయి. మద్దిలేటి ఎగువనుంచి దున్నుకుంటూ వచ్చి, ఆమె నేల మీదికి పోతానేమోనని కొంత ముందే నాగలి తిప్పేశాడు. సుంకమ్మ సేద్యగాడు దిగువనుంచి దున్నుతుంటే, ఆమె చాలు చాలు అని కొంత ముందే ఆపించింది. మధ్యలో బండి పోయేంత వెడల్పున నేల దున్నకుండా మిగిలిపోయింది. అందులో గడ్డి మొలిచింది. మరుసటి ఏడూ అంతే జరిగింది.

మూడో ఏడు మట్టి చదివే మనిషి ఆ దారినే వేరే ఊరికి పోతూ ఆగింది. చేల మధ్య గడ్డి మొలిచిన ఆ బద్ద చూసి, అది ఎవరిదని మద్దిలేటిని అడిగింది.

"వదినను అడుగు," అన్నాడు అతను.

సుంకమ్మను అడిగింది.

"ఆయన్నే అడుగు," అంది ఆమె.

మట్టి చదివే మనిషి తన పటం తీసి ఒళ్లో పరుచుకుంది. గోడకు ఒక గుర్తు, దారికి ఒక గుర్తు, కాలువకు, గట్టుకు, కట్టకు ఒక్కో గుర్తు ఆమె దగ్గర ఉన్నాయి. పెన్సిలు పట్టుకుని కొంతసేపు ఆగింది. సుంకమ్మ ఆమె భుజం మీదుగా కాగితంలోకి తొంగి చూసింది.

"ఏం గీస్తాండావు?"

"ఇదేమిటో తెలియడం లేదు. ఏ గుర్తు వెయ్యాలో తోచడం లేదు."

"తెలియకపోతే వెయ్యొద్దులే తల్లీ. తర్వాత ఎవరో తవ్వి చూసుకుంటారు."

"తవ్వితే వాళ్లకు ఏం దొరుకుతుంది?"

సుంకమ్మ ఆ గడ్డివైపు చూసింది.

"ఏమీ దొరకదు," అంది.